డివ్ ట్యాగ్ గారికి విన్నపం

పేజీలో ఏ ముక్క ఏమిటో చెప్పే గుర్తులు ట్యాగ్‌లైతే, వాటిలో ఏ అర్థమూ లేని ఉత్త పెట్టె అయిన మహారాజశ్రీ డివ్ ట్యాగ్ గారి దివ్యసముఖానికి, వెబ్ పేజీలు కట్టుకు బతికేవాళ్లం నమస్కరించి రాసుకునే విన్నపం. మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ఏ పేజీ సోర్స్ తెరిచినా తమరే దర్శనమిస్తున్నారు.

శీర్షిక తమరే, పేరా తమరే, బటనూ తమరే. రంగూ సైజూ అలంకరణ కోడ్ సీఎస్ఎస్ చూసుకుంటుంది కనుక కంటికి ఏ లోటూ లేదు. చిక్కల్లా ప్రకటనలు భరించలేక పాఠకుడు, కథనాన్ని మాత్రమే మిగిల్చి చూపే రీడర్ వ్యూ నొక్కబోయినప్పుడే. ఫైర్‌ఫాక్స్‌లో ఆ పని చేసే రీడబిలిటీ కోడ్‌కి తమరి సోకులు పట్టవు. ఏ ట్యాగ్, ఏ పేరు, లోపల ఎన్ని అక్షరాలు అని చూస్తుంది.

అడ్రస్ బార్‌లో రీడర్ వ్యూ నొక్కే చిన్న బొమ్మ రావడానికే ఒక పరీక్ష. పీ (పేరా), ప్రీ (రాసింది రాసినట్టే చూపేది), ఆర్టికల్ (కథనం) ట్యాగ్‌లకే పిలుపు. తమరికి పిలుపు రావాలంటే లోపల లైను విరిచే బీఆర్ ట్యాగ్ ఉండాలి. 140 అక్షరాల్లోపు పేరాకు సున్నా. దాటితే, దాటినవాటి వర్గమూలమే మార్కులు, మొత్తం 20 మించాలి. 540 అక్షరాల పేరా ఒక్కటే ఉంటే సరిగ్గా 20 తెచ్చుకుని తప్పుతుంది, 541 అయితే గట్టెక్కుతుంది. వాక్యానికో పేరా కొట్టే మన వార్తలకు ఎంత రాసినా సున్నాలే. తెలుగుకు ఒక్క వెసులుబాటు, వత్తులూ గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. అసలీ తిప్పలెందుకు, కథనమంతా ఒక్క ఆర్టికల్ ట్యాగ్‌లో పెడితే అక్షరాలన్నీ ఒకే పద్దులో పడతాయి. తమరు దయతో ఆ కుర్చీ ఖాళీ చేస్తే.

ఇక తమరికి తగిలించే పేర్లు. క్లాస్‌లో గానీ ఐడీలో గానీ సోషల్, కమ్యూనిటీ, హెడర్, బ్యానర్, ఎక్స్‌ట్రా లాంటి ముక్క కనిపిస్తే చదవకుండానే పక్కన పెడుతుంది. ‘ఎక్స్‌ట్రాక్ట్’లోనూ ఎక్స్‌ట్రా ఉందిగా, అదీ దొరికిపోతుంది. సామాజిక సమస్య మీద కథనానికి ‘సోషల్-స్టోరీ’ అని పేరు పెట్టడం ఏం నేరమో! అదే పేరులో ఆర్టికల్ అనో మెయిన్ అనో చేరిస్తే కేసు కొట్టేస్తుంది. సిఫార్సు లేనిదే పని కాని ఆఫీసు అక్కడా ఉందన్నమాట.

మొత్తం పోయినా నయం. మొదటి గాలింపులో 500 అక్షరాలు దక్కకపోతే పారేసినవాటినీ కలుపుకుని మళ్లీ గాలిస్తుంది. సగం పోతేనే ప్రమాదం. దక్కిన సగంతో అది తృప్తి పడిపోతుంది, రెండో సగం ఉందని పాఠకుడికి తెలియనే తెలియదు.

ప్రకటన దూర్చడానికి తమరిని రెండు ముక్కలు చేస్తాం చూడండి, అక్కడ ఇంకో తమాషా. 25 అక్షరాలకు తగ్గని ప్రతి పేరా మార్కులు తెస్తుంది: తనకంటూ కొంత, కామాకొకటి, ప్రతి వంద అక్షరాలకొకటి (మూడుకు మించదు). అవి పేరాను కన్న ట్యాగ్‌కు, అంటే దాన్ని చుట్టి ఉన్నదానికి, పూర్తిగా, ఆపై ట్యాగ్‌కు సగం. పెద్ద ముక్క గెలుస్తుంది. ప్రకటన కింద రెండు చిన్న పేరాలతో మిగిలిన ముక్కకు కనీసం పది మార్కులైనా, గెలిచినదాని మార్కుల్లో ఐదో వంతైనా రావాలి, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. రాకపోతే వార్త ముగింపు గల్లంతే. రెంటికీ ఒకే క్లాస్ పేరుంటే మాత్రం ఆ ఐదో వంతు బోనస్‌గా ఇచ్చేస్తుంది. ఇంటిపేరు కలిసింది మరి.

ప్రతి భాష అక్షరానికీ ఒక సంకేతమిచ్చే యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లతో నిలిచిన తెలుగు పేజీలను ఏ ట్యాగూ కాపాడదు. రీడర్ వ్యూ తన ఫాంట్ పెట్టగానే తెలుగంతా ఇంగ్లీషు గజిబిజి. అక్షరాల్నే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

కాబట్టి మా కోరికలు కొన్నే. శీర్షిక హెచ్1కి, పేరా పీకి, ఫొటో ఫిగర్‌కి, దాని కింది మాట ఫిగ్‌క్యాప్షన్‌కి అప్పగించండి. ‘ఇవీ చదవండి’ పెట్టెను, పక్కమాటలకు కేటాయించిన అసైడ్‌లో పెడితే రీడబిలిటీయే ఊడ్చేస్తుంది. విండోస్‌లో ఎఫ్9 నొక్కి రీడర్ వ్యూ తెరిచి, చివరి పేరా వచ్చిందో లేదో ముందు చూస్తాం. తమరి ఉద్యోగానికి ఢోకా లేదు. కాలమ్‌లు, ప్రకటనల చట్రాలు, పాపప్‌లు అన్నీ తమరి ఏలుబడిలోనే.

ఇట్లు,
ఏ డివ్ ఎక్కడ మూసుకుందో వెతుక్కుంటూ,
తమ విధేయులు