డాలరు పెట్టెలోంచి దిగివచ్చిన బాక్స్‌కార్ గారికి

మహారాజశ్రీ హెచ్‌వో స్కేలు (అసలు రైల్లో 87వ వంతు) 40 అడుగుల బాక్స్‌కార్ (గోడలు, కప్పు ఉన్న గూడ్సు పెట్టె) గారికి, హైదరాబాదులోని చిట్టిరైళ్ల పిచ్చివాళ్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం సంగతి మాత్రం తమరిని బోర్లా తిప్పి చూశాకే తెలిసింది.

రైలు ప్రదర్శనల్లో బల్లల మీద, అద్దాల అరల్లో కొలువుండేవాళ్లు వేరు. తమరి మకాం బల్ల కింద, అట్టపెట్టెలో. అమెరికాలోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏటా జనవరిలో జరిగే పెద్ద ప్రదర్శనైనా, ఏదో ఊళ్లో చర్చి హాల్లో జరిగే చిన్నదైనా ఆ పెట్టె తప్పదు, దాని మీద ‘ఏదైనా డాలరే’ అన్న చీటీ తప్పదు. ఆవకాయ, గోంగూర మోసుకెళ్లిన సూట్‌కేసు తిరుగు ప్రయాణంలో ఖాళీగా ఉంటుంది కనుక, సాక్సులో దూరి తమరు శంషాబాదులో దిగారు. పోస్టులో రప్పించుకునే దమ్ము మాకు లేదు. 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి ఎక్కిన బొమ్మల దిగుమతి సుంకం తమరిని కూడా బొమ్మగానే లెక్కేస్తుంది. పిల్లలు ముట్టుకోబోతే కసిరే వస్తువు బొమ్మ ఎలా అవుతుందని సుంకాలవాళ్లతో వాదించడం దండగ.

డాలరుకే వచ్చారు, సంతోషం. కట్నం వద్దన్న అల్లుడూ ఇలాగే వస్తాడు. అసలు లెక్క పండగలకు తేలుతుంది. తమరి మొదటి పండగ చక్రాలది.

తమరి ప్లాస్టిక్ చక్రాలు పట్టాల మీది మురికిని పోగేసుకుని, నల్లటి పొరగా అంటించుకుని, వెళ్లిన చోటల్లా పంచిపెడతాయి. వాటిని పీకేసి లోహపు చక్రాలు వేయాలంటే ముందు ఇరుసు పొడవు కొలవాలి. డిజిటల్ క్యాలిపర్ రాణీగంజ్ పనిముట్ల దుకాణాల్లో దొరుకుతుంది. అమెరికన్ హెచ్‌వో పెట్టెల్లో తరచుగా కనిపించే కొలత 25.8 మి.మీ.; కానీ పాత తయారీల్లో ఎవరి కొలత వాళ్లది. పొడవు ఎక్కువైతే బోగీ (ఇక్కడ రైలుపెట్టె కాదు, చక్రాలను పట్టి ఉంచే చట్రం) పక్కలు రెండూ బయటికి వంగి చక్రం పట్టేస్తుంది. తక్కువైతే ఇరుసు గూట్లోంచి కిందికి జారి పెట్టె ఊగుతుంది. ఇరుసు అటూ ఇటూ వెంట్రుకవాసి కదులుతూ, వేలితో తిప్పి వదిలితే మెల్లగా ఆగిందంటే కుదిరినట్టే. టక్కున ఆగితే గూట్లో ప్లాస్టిక్ గరుకు మిగిలి ఉంది; మొన కోసుగా ఉండే రీమర్ రెండు చుట్లు తిప్పితే పోతుంది. నూనె చుక్క కూడా వద్దు. ఈ బోగీలు చాలావరకు ఎసిటాల్ ప్లాస్టిక్, నూనె లేకుండానే జారుతుంది. నూనె వేశారా, మన ఊరి దుమ్మంతా అక్కడికే చేరుతుంది.

చక్రం సైజు సంగతి. తమరి వయసు బాక్స్‌కార్‌కు 33 అంగుళాల చక్రం, అంటే 1:87లో 9.6 మి.మీ. చేతికి దొరికిందని 36 అంగుళాలది, 10.5 మి.మీ.ది తొడిగితే పెట్టె దాదాపు అర మిల్లీమీటరు లేస్తుంది. ఆ అర మిల్లీమీటరు రెండో పండగను చెడగొడుతుంది.

రెండోది కప్లర్లది, అంటే పెట్టెను పక్కపెట్టెతో కలిపే కొక్కేలది. తమరి ముక్కున వేలాడే ఆ కొంకి, 1950ల నాటి ఎక్స్2ఎఫ్, లాగినంతసేపు బుద్ధిగానే ఉంటుంది. వెనక్కి నెడితే తెలుస్తుంది దాని సంగతి. ఎదురుబొదురు కొంకులు ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి. పైగా అది పెట్టెకు కాక బోగీకే అతికి ఉండటంతో ఆ తోపుడు నేరుగా చక్రాలకు చేరి, వంపు రాగానే పట్టాలు దిగడమే. కనుక బోగీకున్న ఆ నాలుకను కోసేయాలి. కేడీ కంపెనీ కప్లర్ 5 నంబరో 148 నంబరో తెచ్చి దాని గూడును తమరి అడుగుకే బిగించాలి. రంధ్రం 1.6 మి.మీ., దాంట్లో మర కోసే ఎం2 (2 మి.మీ.) ట్యాప్, దానికి ఎం2 స్క్రూ. అమెరికా పుస్తకాలు చెప్పే 2-56 స్క్రూ కోసం ఇక్కడ కాళ్లరిగేలా తిరగనక్కర్లేదు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్ల డబ్బాల్లో ఎం2 స్క్రూలు గుప్పెళ్లకొద్దీ ఉంటాయి. ట్యాప్ చేత్తోనే తిప్పాలి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. తొందరపడి మెషిన్‌కు తగిలిస్తే వేడికి ప్లాస్టిక్ కరిగి మర మిగలదు.

కప్లర్ నడిమిభాగం పట్టా పైనుంచి 9.9 మి.మీ. ఎత్తున ఉండాలి. దీనికి గేజి ఉంది; కంటిచూపుతో సరిపెట్టేవాడి గూడ్సు ఎత్తు ఎక్కగానే రెండు ముక్కలవుతుంది. కప్లర్ కిందికి ఉంటే బోగీకీ పెట్టెకూ మధ్య 0.25 లేదా 0.4 మి.మీ. వాషరు. పైకి ఉంటే తల కిందికి దిగి ఉండే రకం కప్లర్. అడుగున వేలాడే వంకర పిన్ను పట్టాకు 0.8 మి.మీ. పైన ఉండాలి, అంతకన్నా దిగితే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర క్రాసింగ్‌కు తగిలి పెట్టె ఎగిరిపడుతుంది. గూట్లో గ్రాఫైటు పొడి చిటికెడు చాలు.

ఇక బరువు. తమరు బొత్తిగా తేలిక మనిషి. అమెరికాలోని జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం, ఎన్‌ఎంఆర్‌ఏ, హెచ్‌వోకు చెప్పే లెక్క: మూల బరువు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. తమరి పొడవు ఐదున్నర అంగుళాలు కనుక మూడుముప్పావు ఔన్సులు, అంటే 106 గ్రాములు. కొత్త చక్రాలు, కప్లర్లు వేశాకే వంటింటి త్రాసు మీద ఎక్కించాలి, ముందు కాదు. 70 గ్రాములు తూగితే 36 కావాలి. కార్లకు వీల్ బ్యాలెన్సింగ్ చేసే టైరు షాపులో ఐదేసి గ్రాముల బిళ్లల పట్టీ అడగండి. ఏడు బిళ్లలతో పని అయిపోతుంది. కప్పు ఊడదీసి, నేల మీద రెండు కొసల్లో సమంగా పరవాలి. వెనకున్న టేపును నమ్ముకుంటే మే నెల ఎండకు జారి లోపల గలగలమంటాయి, అరాల్డైట్ పెట్టండి. బిళ్లలు ఇనుపవైతే, పట్టాల మధ్య కప్లర్లు విడదీసే అయస్కాంతం ఉన్నచోట తమరు ఆగమన్నా ఆగక ముందుకు దూకుతారు. ఉక్కు ఇరుసులదీ ఇదే రోగం. పోనీ సీసం అంటారా, సీసపు గుళ్లను ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో మాత్రం అతికించవద్దు. ఆ జిగురులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లానికి సీసం తెల్లగా పూసి, ఉబ్బి, ఏళ్ల తర్వాత పెట్టె గోడల్ని పగలదీస్తుంది.

బోగీ స్క్రూల్లో ఒకటి కాస్త బిగువుగా, బోగీ ఇటూ అటూ తిరగాలే తప్ప ఊగకూడదు. రెండోది అర చుట్టు వదులుగా, ఊగుతూ ఉండాలి. రెండూ బిగిస్తే ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రం గాల్లో ఉంటుంది. రెండూ వదిలేస్తే తమరు కల్లు తాగినట్టు నడుస్తారు.

ఇంతా అయ్యాక కదా సింగారం! కానీ లోకంలో జరిగేది తలకిందులు. ముందు తుప్పు రంగులు, బొగ్గు మరకలు వేసి ఫొటో తీస్తారు. ఆ పెట్టె గజం దూరం కూడా నడవదు. పైన పటారం, లోన లొటారం.

తమరి ఒంటి మీద పోతపోసిన చేతికడ్డీలను వెడల్పు మొన బ్లేడుతో చెక్కేయండి, బ్లేడు పడుకోబెట్టి, మొన ఒంటిలో దిగకుండా. 18 అంగుళాల కడ్డీ మన స్కేల్లో 5.25 మి.మీ. ఆ దూరాన సూదితో రెండు గుర్తులు పొడిచి, 0.35 మి.మీ. డ్రిల్లుతో రంధ్రాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సర్క్యూట్ బోర్డు డ్రిల్లు బిట్లు కార్బైడ్‌వి, చెయ్యి రవ్వంత వంకర పోయినా పుటుక్కున విరుగుతాయి. కంసాలులు చేత్తో తిప్పే పిన్ వైస్‌లో మామూలు ఉక్కు బిట్టే మేలు. కడ్డీకి 0.3 మి.మీ. ఇత్తడి తీగ. గిటారు తీగ నిటారుగా ఉంటుంది నిజమే, కానీ కట్టర్ పళ్లు ఊడగొడుతుంది. తీగను లోపలివైపు నుంచి అతికించండి. బయటినుంచి ఫెవిక్విక్ పెడితే చుట్టూ తెల్లని మచ్చ మిగులుతుంది.

తమరి కప్పు మీది నడకపలక సంగతీ తేల్చాలి. మన దక్షిణ మధ్య రైల్వే పుట్టిన 1966లోనే అమెరికాలో కొత్త బాక్స్‌కార్లకు ఆ పలక వద్దన్నారు. 70ల నాటి రంగులు పూసుకుని, ఇంకా పలక మోస్తూ, సరికొత్త పెట్టెనని చెప్పుకుంటున్నారంటే తమరి జన్మపత్రిక తప్పు. పలక పీకేస్తే మిగిలే రంధ్రాల్లో ప్లాస్టిక్ కడ్డీ దూర్చి, ఎండాక సానబట్టాలి.

రంగు పాతబరచడానికి పాఠం కావాలంటే మౌలాలి వైపు పోయే గూడ్సు చూడండి. మన వ్యాగన్ల కొలతలు వేరు, గేజే 1676 మి.మీ.; కానీ తుప్పుకు దేశం లేదు. కప్పు అంచు ఎండకు పాలిపోయి ఉంటుంది, తలుపు పట్టాల కింద తుప్పు కారిన చార కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, బోగీల మీద గోధుమరంగు ధూళి. పెట్టె మొత్తం ఒకే మట్టిరంగు కొట్టేసి ‘వెదరింగ్’ అనేవాళ్లు మన పాత బస్సులను చూసి నేర్చుకున్నట్టుంది. ముందు మ్యాట్ వార్నిష్, దాని మీద పాస్టెల్ పొడి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి. ముసురు పట్టిన రోజున వార్నిష్ కొడితే గాల్లో తేమకు తెల్లగా పొగబారుతుంది. వార్నిష్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలినా అంతే. ఎండ కాసిన రోజు మళ్లీ పలచగా ఒక పూత వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

తమరితోపాటు అదే పెట్టెలో దిగిన పాత డీజిల్ ఇంజను గారికి ఒక్క మాట చెప్పండి. డీసీసీ (పట్టాల్లోంచే డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజను నడిపే పద్ధతి) డీకోడర్ అడిగే ముందు మోటారు చట్రానికి అంటకుండా ఉందో లేదో చూసుకోమనండి. పాత ఇంజన్లలో మోటారు కింది బ్రష్షు చట్రానికే తగిలి కరెంటు తీసుకుంటుంది. అక్కడ కరెంటు పారనివ్వని క్యాప్టన్ టేపు వేసి, మల్టీమీటరు బీప్ అనకపోతేనే నారింజ, బూడిద తీగలు మోటారుకు, ఎరుపు, నలుపు పట్టాలకు. బీప్ అంటుండగానే కలిపితే డీకోడర్‌లోంచి వచ్చే పొగ మళ్లీ లోపలికి పోదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి మీద డాలరుకు ఎన్నో రెట్లు పోసిన విధేయులు

తా.క.: వచ్చే జనవరిలో తమరి చుట్టం, గోడలూ కప్పూ లేని ఫ్లాట్‌కార్ బయల్దేరుతున్నాడని విన్నాం. 50 అడుగులవాడికి 126 గ్రాములు కావాలి, దాచుకోవడానికి ఒంట్లో జాగా లేదు. వస్తే కలప దుంగలో, రాళ్లో నెత్తిన పెట్టుకుని రమ్మనండి. ఒట్టి చేతులతో వస్తే ఆ పెట్టెలోనే ఉండమనండి.