ఎగిరే పడవకు కాలువలో చోటేది?

చెన్నైకి ఎలక్ట్రిక్ హైడ్రోఫాయిల్ పడవలు తెస్తే బాగుండు అని ఎవరన్నా అంటే నాకు ముందు తిరుమయిలై రైల్వే స్టేషన్ గుర్తొస్తుంది. పైన రైలు, కింద బకింగ్‌హామ్ కాలువ. కాలువలోనే పాతిన స్తంభాలు, వాటి మధ్య నల్లటి నీళ్లు, గుర్రపుడెక్క. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల బియ్యం పడవల్లో మద్రాసు చేరింది ఈ కాలువ మీదే.

ఈ పడవలో లోపం లేదు. అడుగున విమానం రెక్కల్లాంటివి ఉంటాయి. వేగం అందుకోగానే అవి పడవను నీళ్ల మీదికి ఎత్తేస్తాయి. నీళ్లు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన కాబట్టి చిన్న రెక్కలే చాలు. పడవ ఒళ్లు నీళ్లకు రాసుకోదు, బ్యాటరీ మిగులుతుంది. స్టాక్‌హోమ్‌లో 2024లో ప్రయాణికులను ఎక్కించుకున్న కాండెలా పీ-12 అనే స్వీడన్ హైడ్రోఫాయిల్ పడవ 30 మందితో 25 నాట్ల వేగంతో వెళ్తుంది. అంటే గంటకు 46 కిలోమీటర్లు. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాడికి ఈ అంకె వింటే నోరూరుతుంది!

కానీ ఆ రెక్కలకు కింద లోతు కావాలి, ముందు అడ్డం లేని దారి కావాలి. పూడిక నిండిన కాలువలో అవి నేలకు తగులుతాయి, లేదా గుర్రపుడెక్క చుట్టుకుంటుంది. పులికాట్ సరస్సు విశాలమే, లోతు మాత్రం తక్కువ. సముద్రంలో లోతుంది, అలలూ ఉన్నాయి. పడవను రెక్కతో కలిపే కాడ కన్నా అల ఎత్తు లేస్తే పడవ దబ్బున కూర్చుంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో మెరీనా ముందు రోజూ ఇంత టైముకు పడవ అని బోర్డు పెట్టగలమా? నాకు నమ్మకం లేదు.

కొచ్చి 2023లో వాటర్ మెట్రో మొదలుపెట్టింది. అవి ఎగరవు, నిదానంగా వెళ్లే ఎలక్ట్రిక్ హైబ్రిడ్ పడవలు. కానీ అక్కడ కాయల్ (సముద్రం పక్కనుండే ఉప్పుటేరు) నీళ్లున్నాయి, జెట్టీలు కట్టుకున్నారు. మనకు 2008లోనే జాతీయ జలమార్గం-4 అని పేరైతే వచ్చింది, అందులో ఈ కాలువా ఉంది. చెన్నైలో దాని మీద ప్రయాణికుల పడవ నేను చూడలేదు.

అందుకే హైడ్రోఫాయిల్ కంపెనీలను పిలిచే ముందు ఈ కాలువలో చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు నుంచి దక్షిణాన ముట్టుకాడు దాకా ఎక్కడెంత లోతుందో కొలిపించి, ఆ లెక్క జనం ముందు పెట్టాలి. దానికి స్వీడన్ దాకా వెళ్లక్కర్లేదు. ఒక తెప్ప, ఒక గెడ చాలు.