వైర్లు పీకేస్తే సరిపోదు: వైర్‌లెస్ మైకుల మెసేజ్‌కి నా జవాబు

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు కళాబృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: ఐదారు వేలు పెడితే వైర్‌లెస్ సెట్టు వస్తుంది. ఆన్ చేస్తే చాలు, సెట్టింగులు అక్కర్లేదు. ఎన్ని మైకులైనా కలుపుకోవచ్చు. వంద మీటర్లు పనిచేస్తుంది. స్పీకర్లలో కూత రాదు. డప్పుకైనా వీణకైనా నడుముకి కట్టుకునే అదే ప్యాకు (మైకు శబ్దాన్ని రేడియోలో పంపే పెట్టె). ఇంకా చవగ్గా కావాలంటే బ్లూటూత్ పెట్టుకోండి. మైకు సెట్టు వాళ్లకి డబ్బులివ్వడం దండగ.

ఇది నమ్మి భజన బృందాలు, జముకుల కథ చెప్పేవాళ్లు చందాలేసుకుని సెట్లు కొంటున్నారు. నేను పదిహేనేళ్లుగా మైకులు కడుతున్నాను. గిరాకీ పోతుందని రాస్తున్నాడనుకునేవాళ్లు అనుకోనీండి. ఇది చదివి సొంత సెట్టు కొనుక్కుని బాగా వాడుకుంటే నాకు సంతోషమే.

వైర్‌లెస్ అవసరమే, అందులో అనుమానం లేదు. తప్పెటగుళ్ల వాళ్లని చూడండి. ఛాతీ మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, ఎగురుతూ గిర్రున తిరుగుతూ పాడతారు. వాళ్లకి వైరు మైకు ఇస్తే రెండో చుట్టుకే కాళ్లకి చుట్టుకుంటుంది.

కానీ “ఆన్ చేస్తే చాలు, ఎన్నైనా కలపొచ్చు” అన్నది పచ్చి అబద్ధం. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను. వైర్‌లెస్ మైకు ఒక్కొక్కటీ ఒక్కో రేడియో ఫ్రీక్వెన్సీ మీద శబ్దాన్ని పంపుతుంది. మూడు మైకులున్నాయనుకోండి. ఒకటి 606.0 మెగాహెర్ట్జ్, రెండోది 606.5, మూడోది 607.0. చూడ్డానికి సమానంగా, పద్ధతిగా ఉన్నాయి. అసలు చిక్కు ఆ సమానంలోనే ఉంది. రెండు మైకులు పక్కపక్కన ఆన్‌లో ఉంటే వాటి తరంగాలు కలిసి, ఎవరూ పెట్టని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. లెక్క తేలికే: రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిది తీసెయ్యండి. 1213 లోంచి 606 పోతే 607.0. అంటే మొదటి రెండు మైకులూ కలిసి మూడో మైకు నెత్తి మీద కూర్చుంటాయి. మూడో గాయకుడి గొంతు గరగరమంటుంది, మధ్యలో తెగుతుంది. అతను పాపం మైకు పాడైందనుకుంటాడు. మూడోదాన్ని 607.4కి జరిపితే ఈ గొడవ పోతుంది. మంచి కంపెనీ సెట్లలో ఈ లెక్క ముందే కట్టి “గ్రూపు”లుగా పెడతారు. మైకులన్నిటినీ ఒకే గ్రూపులో, వేర్వేరు ఛానెళ్లలో పెట్టుకుంటే చాలు. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలే లేని సెట్లు రెండు మూడు కొంటే మాత్రం చేయగలిగిందేమీ లేదు.

ఇంకో సంగతి. పాత సెట్లలోనూ, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలోనూ 700 మెగాహెర్ట్జ్ దాటినవి చాలా ఉన్నాయి. 2022 వేలంలో ఆ బ్యాండులో కొంత భాగాన్ని జియో 5జీ కోసం కొన్నది. 703 నుంచి 748 దాకా, 758 నుంచి 803 దాకా ఫోన్లకీ టవర్లకీ కేటాయించినవి. నిన్నటిదాకా బాగా పలికిన మైకు ఇవాళ గరగరమంటోందంటే ముందు దాని వెనక రాసి ఉన్న అంకె చూడండి.

వంద మీటర్ల మాటకొద్దాం. అది మధ్యలో మనిషి లేని మైదానంలో లెక్క. ఒక జాతరలో తప్పెటగుళ్లకి నేను 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు కట్టాను. మధ్యాహ్నం టెస్టింగులో అద్భుతంగా పలికింది. రాత్రి జనం కూర్చున్నాక పది నిమిషాలకొకసారి తెగిపోవడం మొదలైంది. బృందం పెద్దాయన ఆట ఆపి నా దగ్గరికొచ్చి, “ఏటి బాబూ, మైకు సచ్చిపోనాదేటి?” అన్నాడు. చెమటతో తడిసిన ఆయన ముఖం నాకింకా గుర్తుంది. తప్పు నాదే. రిసీవరుని, అంటే మైకు పంపే తరంగాల్ని అందుకునే పెట్టెని, జనం వెనకాల మిక్సరు బల్ల మీద పెట్టాను. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాల్ని మింగేస్తుంది. పైగా 2.4 బ్యాండు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేనిది, వైఫై, బ్లూటూత్, హాట్‌స్పాట్లు అన్నీ అక్కడే ఉంటాయి. జనం వచ్చారంటే జేబుకో ఫోను వచ్చినట్టే. అప్పటికప్పుడు రిసీవరుని స్టేజీ పక్కకి తెచ్చి, తలల కంటే ఎత్తుగా వెదురు గుంజకి కట్టి, అక్కణ్ణుంచి మిక్సరుకి వైరు లాగాను. పెద్దాయన నడుములో చర్మానికి నొక్కుకుని మడతపడిన ప్యాకు యాంటెనాని సరిచేసి కిందికి వేలాడేలా పెట్టాను, ప్యాకుకి చెమట తగలకుండా పల్చని ప్లాస్టిక్ కవరు తొడిగాను. తెల్లవారేదాకా మళ్లీ తెగలేదు.

కూత రాదన్నదానికి ఒక్క మాట చాలు. స్పీకరు శబ్దాన్ని మైకు మళ్లీ వినడం వల్ల కూత పుడుతుంది, వైరుకీ దానికీ సంబంధం లేదు. వైరు లేకపోతే పాడేవాళ్లు నడుచుకుంటూ స్పీకరు బాక్సుల ముందుకే వెళ్లిపోతారు, అప్పుడు కూత ఇంకా ఎక్కువ.

వీణ సంగతి నాకు బాధ కలిగిస్తుంది. ఒకే పనస దుంగలో తొలిచిన బొబ్బిలి వీణకి అంటించే పికప్ (వీణ కంపనాన్ని పట్టే బిళ్ల) పెట్టి, దాన్ని కాలర్ మైకు ప్యాకులో గుచ్చుతున్నారు. ఆ పికప్‌కి 10 లక్షల ఓమ్‌ల ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి. కాలర్ మైకు కోసమే చేసిన చవక ప్యాకుల్లో అది వేలల్లోనే ఉంటుంది. దాంతో మంద్రస్థాయి మొత్తం మాయమై, రేకు డబ్బా మీద మీటినట్టు వినిపిస్తుంది. వినేవాళ్లు వీణే బాగాలేదనుకుంటారు. వాద్యాల ఇన్‌పుట్ ఉన్న ప్యాకు తీసుకోండి, లేదా మధ్యలో చిన్న ప్రీయాంప్ (సిగ్నల్‌ని ప్యాకుకి సరిపడేలా చేసే పెట్టె) పెట్టండి.

బ్లూటూత్ పాటలు వినడానికి. మామూలు బ్లూటూత్ స్పీకరులో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి, 150 మిల్లీసెకన్లంటే మీ డప్పుని మీరే 50 మీటర్ల అవతల నిలబడి వింటున్నట్టు. అలా తాళం వెయ్యడం ఎవరి తరమూ కాదు. మైకుల కోసమే చేసిన డిజిటల్ సెట్లలో ఈ ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే.

చందా డబ్బు ఇంకా చేతిలోనే ఉంటే, షాపులో ఇవి అడగండి: ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చా, 700కి లోపలేనా, రిసీవరుకి రెండు యాంటెనాలుండి ఏది బాగా అందుకుంటే దాన్ని అదే ఎంచుకుంటుందా. కొన్నాక ఆట రోజు మైకులన్నీ ఆపి రిసీవర్లు మాత్రం ఆన్ చేయండి. మైకు లేకుండానే సిగ్నల్ లైటు వెలిగితే ఆ ఛానెల్ మార్చండి. తర్వాత ఒక్కొక్క మైకే ఆన్ చేసి, దాన్ని పట్టుకుని స్టేజీ నాలుగు మూలలా మాట్లాడుతూ నడవండి. మైకుల్లో బ్యాటరీ సెల్లులు కొత్తవి వెయ్యండి. ఒక వైరు మైకుని మిక్సరుకి తగిలించి, పలుకుతోందో లేదో చూసుకుని, స్టేజీ పక్కన సిద్ధంగా ఉంచండి.