డాక్‌కు కూడా సూట్‌కేసులో చోటివ్వండి

పోయిన డిసెంబరులో ఇక్కడి నుంచి ఇండియాకు, హన్మకొండలో మా అమ్మ దగ్గరికి పోయినప్పుడు మా అబ్బాయి మొదటి మూడు రోజులూ సోఫా మూలన నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ పట్టుకుని కూర్చున్నాడు. మా అమ్మ సకినాల గిన్నె తెచ్చి పక్కన కూర్చునేది. "గంత చిన్నదాంట్ల ఏం కనవడ్తది బిడ్డా, నాకు జర చెప్పు" అని అడిగేది. "ఒక్క నిమిషం బాపమ్మా" అనేవాడు. ఆ నిమిషం అయ్యేదే కాదు.

నాకు కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే 6.2 అంగుళాల తెరలో ఒక్కరికే చోటుంది. డెబ్బై దాటిన కళ్లు అందులో ఏం చూడగలవు? నాలుగో రోజు బ్యాగు అడుగు నుంచి డాక్, అంటే స్విచ్‌ను అందులో నిలబెడితే ఆట టీవీలో కనిపించే చిన్న స్టాండు, తీసి హాల్లో టీవీకి కలిపాను.

చేతిలో పట్టే ఆటను టీవీలో చూడాలన్న కోరిక పాతదే. 1989లో వచ్చిన గేమ్ బాయ్ ఆటల కోసం నింటెండో 1994లోనే సూపర్ గేమ్ బాయ్ తెచ్చింది. గేమ్ బాయ్ కాసెట్టును అందులో గుచ్చి, టీవీకి కలిపే పెద్ద కన్సోల్‌లో పెడితే, ఆకుపచ్చ తెర మీది బొమ్మలు టీవీలో రంగులతో కనిపించేవి. 2003లో గేమ్‌క్యూబ్ అనే టీవీ కన్సోల్ అడుగున బిగించే గేమ్ బాయ్ ప్లేయర్ వచ్చింది. 2017లో స్విచ్‌తో డాక్ పెట్టెలోనే ఇచ్చారు. పెట్టెలో ఉన్నదాన్ని మనం లగేజీ బరువని ఇంట్లో వదిలి వస్తున్నాం.

ఆ సాయంత్రం బౌలింగ్ ఆట పెట్టాం. అమ్మ కుర్చీలోనే కూర్చుంది. మణికట్టుకు పట్టీ తగిలించి, స్విచ్ పక్కనుంచి ఊడదీసే జాయ్‌కాన్ అనే చిన్న కంట్రోలర్‌ను చేతికిచ్చాడు మావాడు. "బటన్ వదలకు బాపమ్మా, చెయ్యి ముందుకు ఊపి అప్పుడు వదులు." రెండు బంతులు పక్క కాలువలోకి పోయాయి. మూడోసారి ఏడు పిన్నులు పడ్డాయి. గవ్వలేసి అష్టాచెమ్మా ఆడేటప్పుడు మా అమ్మ ముఖంలో ఉండే పట్టుదల మళ్లీ చూశాను. వాడు వచ్చీరాని తెలుగులో ఆమెకు నేర్పుతుంటే, తెలియని మాటలు ఆమె అందించింది.

ఇండియా పోయి కూడా టీవీ ముందేనా అంటారు కొందరు మిత్రులు. వేయిస్తంభాల గుడి, ఖిలా, రామప్ప అన్నీ చూపించాం. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఎక్కడికీ రాలేదు. ఆమెకూ మనవడికీ కలిసి దొరికేది ఆ సాయంత్రాలే. అందుకే గట్టిగా చెబుతున్నా, డాక్ తీసుకెళ్లండి.

మీది స్విచ్ లైట్ అయితే టీవీకి కలవదు, ముందే చూసుకోండి. అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉందా చదవండి; ఉంటే ఇండియా ప్లగ్గుకు సరిపోయే పిన్ చాలు. హెచ్‌డీఎంఐ కేబుల్ మరవద్దు. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టండి, బటన్ నొక్కగానే బొమ్మ కదులుతుంది.

కరెంటు పోయినా టెన్షన్ లేదు. డాక్‌లోంచి తీసి చేతిలో పట్టుకుంటే ఆట ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఒక రాత్రి అలాగే కరెంటు పోయింది. చీకట్లో ఆ చిన్న తెర మీదికే ఇద్దరూ వంగారు, ఎక్కడ గురి పెట్టాలో అమ్మే చెప్పింది.