ఇరవై రూపాయల వాషర్ ఎవరు వేయాలి?

పోయిన నెలలో మా నల్గొండ వైపు ఒక ప్రభుత్వ ఆఫీసుకు పనిమీద పోయాను. పేరెందుకు లెండి, ఇలాంటివి ఊరికొకటి ఉంటాయి. వరండా చివర నల్లా కారుతోంది, కింద నీలం బకెట్ పెట్టారు. అది నిండినప్పుడల్లా అటెండర్ ఎత్తుకుపోయి వేపచెట్టు మొదట్లో పోసి వస్తున్నాడు. "అన్నా, వాషర్ మారిస్తే అయిపోతది కదా" అన్నాను. ఆయన నవ్వాడు. "ఇరవై రూపాయల వాషర్ సార్, ప్లంబర్‌కు రెండు వందలు. ఎవరియ్యాలె? నా జేబుల నుంచి రెండుసార్లు ఇచ్చిన, ఇగ నాతోని కాదు."

అదే ఆఫీసులో అట్ట కూడా విప్పని కొత్త ప్రింటర్ ఒకటి బీరువా మీద కూర్చుని ఉంది.

ప్రభుత్వ ఆఫీసుల్లో వృథా తగ్గించాలి అనగానే మనవాళ్లు అవగాహన సదస్సు పెడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఒక మొక్క నాటి ఫొటో దిగుతారు. ఉద్యోగులకు అవగాహన లేకనా ఇదంతా? అదే ఉద్యోగి ఇంట్లో ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరిగితే పిల్లల మీద అరుస్తాడు. నాకు అర్థమైనంతవరకు లోపం ఏర్పాటులోనే ఉంది. కొత్తది కొనడానికి బడ్జెట్‌లో పద్దు ఉంటుంది, ఉన్నదాన్ని బాగు చేయడానికి కింది ఆఫీసు చేతిలో పైసా ఉండదు. కొన్నది రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఎంత వాడాం ఎంత పారబోశాం అని మాత్రం ఎవరూ అడగరు. ఇక పనికిరానిది తీసేయాలంటే రేపు ఆడిట్‌లో ఏమంటారోనని టెన్షన్, అందుకే ఎవరూ ముట్టుకోరు.

ముందు నీళ్ల సంగతే చూద్దాం, ఎందుకంటే మాది నీళ్ల విలువ ఎముకలతో తెలుసుకున్న జిల్లా. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర్లు పోయినవాళ్లను చూస్తూ పెరిగాం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ అర్ధ శతాబ్దం కిందటే తయారు చేసి దానికి మా జిల్లా పేరే పెట్టింది. 'నల్గొండ టెక్నిక్' అంటే ఆఫ్రికా దేశాల్లో కూడా తెలుసు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు శుద్ధి అయి ఊళ్లకు వచ్చాయి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపుకు శ్రీశైలం బ్యాక్‌వాటర్ నుంచి ఎల్లూరు దగ్గర ఎత్తిపోస్తున్నారు. ఊళ్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్నది లెక్క. ఆ కారే నల్లా కింద బకెట్ రోజుకు రెండుసార్లు నిండుతుందట. ఇరవై లీటర్ల బకెట్ అనుకున్నా ఇంచుమించు సగం మనిషి వాటా వేపచెట్టుకు పోతోంది. చెట్టుకు పోతోంది కదా అంటారేమో, అంత దూరం నుంచి మోటార్లతో ఎత్తి, శుద్ధి చేసి తెచ్చిన నీళ్లండీ అవి.

ఇంత ఖర్చుపెట్టి నీళ్లు తెచ్చిన ప్రభుత్వమే మీటింగ్ పెడితే టేబుల్ మీద ఏం పెడుతుంది? వరుసగా చిన్న ప్లాస్టిక్ బాటిళ్లు. రెండు గుక్కలు తాగి వదిలేసినవి, అసలు మూతే తీయనివి, అన్నీ కలిపి సాయంత్రం ఒకే సంచిలోకి. భగీరథ నీళ్లు మంచివని జనానికి చెప్పే సమీక్షలోనే అధికారులు ఆ నీళ్లు తాగకపోతే జనం ఎందుకు తాగుతారు? అందుకే ఊళ్లో ఇప్పటికీ ఇరవై లీటర్ల క్యాన్ల బండి తిరుగుతోంది. ఆ ఆర్వో ప్లాంటు వెనక్కి పోయి చూడండి, మంచినీళ్లు తీయగా మిగిలినవి పైపులోంచి మోరీలో పడుతుంటాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాలు) ఉన్న నీళ్లకు ఆర్వో వాడకుండా నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలోనే చెప్పింది. కలెక్టరేట్‌లో భగీరథ నల్లా, పక్కన స్టీల్ గ్లాసులు, నెలకోసారి నీళ్ల పరీక్ష రిపోర్టు గోడకు. ఇదేమీ పెద్ద పథకం కాదు, రేపే చేయొచ్చు.

కాగితం ఇంకో కథ. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చేవాళ్ల చేతిలో కవర్లు చూడండి. ఆధార్ జిరాక్స్, పాస్‌బుక్ జిరాక్స్, పోయినసారి ఇచ్చిన దరఖాస్తు జిరాక్స్. ఇవన్నీ ఎవరిచ్చిన కాగితాలు? ప్రభుత్వం ఇచ్చినవే. తన దగ్గరున్నదాన్నే మళ్లీ మన డబ్బుతో అచ్చు వేయించి తెమ్మంటోంది. ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తుకు కూడా 'హార్డ్ కాపీ ఇచ్చిపో' అంటారు, అలాంటప్పుడు ఆన్‌లైన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా పథకాల కోసం ఊరూరా అర్జీలు తీసుకున్న ప్రజాపాలనలో కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఫారం, జిరాక్స్‌లు కలిపి ఒక్కోదానికి నాలుగు కాగితాలే వేసుకుందాం: 5 కోట్ల కాగితాలు, అంటే లక్ష రీములు, బరువులో 230 టన్నుల దాకా. పది టన్నుల లారీలు ఇరవై మూడు. సరే, జనం గోడు వినడానికే కదా అనుకుంటే, 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి రేషన్ కార్డులకు, ఇండ్లకు మళ్లీ కాగితాల మీదే దరఖాస్తులు తీసుకున్నారు. ఇది ఒక పార్టీ మీద నింద కాదు. అంతకుముందు సర్కారులోనూ భూమి సమస్య ఉన్న రైతు ఒకే కాగితాన్ని ఎన్ని ఆఫీసులకు మోశాడో ఆ రైతుకే తెలుసు.

ఇక ఆఫీసు వెనకాల. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలు కొత్త జిల్లాలు వచ్చాక దాదాపు ఎనిమిదయ్యాయి. కొత్త భవనాలు, కొత్త కుర్చీలు వచ్చాయి. పాతవి ఏమయ్యాయి? ఏ పాత ఆఫీసు వెనక్కయినా పోండి, తుమ్మచెట్ల మధ్య టైర్లు భూమిలో దిగిపోయిన జీపు, కాలు విరిగిన బల్లలు, పగిలిన మానిటర్లు, ఉబ్బిపోయిన యూపీఎస్ బ్యాటరీలు. ప్రభుత్వ వాహనాలకు పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ చెల్లదని కేంద్రం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. రోడ్డెక్కడం ఆగింది సరే, అక్కడి నుంచి కదిలించేది ఎవరు? పనికిరాదని రాసి కండెమ్ చేయాలి, ధర కట్టాలి, పై ఆఫీసు అనుమతి రావాలి, వేలం వేయాలి. ఇంతలో సారు ట్రాన్స్‌ఫర్. కొత్త సారుకు పాత జీపుతో పనేముంది? ఐదేళ్ల కింద అమ్మితే వచ్చే డబ్బులో ఇప్పుడు సగం తుప్పు తినేస్తుంది. బ్యాటరీలు, మానిటర్లలో సీసం ఉంటుంది, అది వానకు తడిసి నేలలోకి పోతే ఇంకో గొడవ.

దీనికి దారి లేదనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2021 నుంచి ఏటా అక్టోబర్‌లో ప్రత్యేకంగా పాత ఫైళ్లు, తుక్కు తీసే కార్యక్రమం పెట్టి ఇప్పటికి వేల కోట్లు రాబట్టింది. అక్కడ పని జరగడానికి కారణం ఒకటే, తేదీ ఉంది. ఆ నెలలో తీయకపోతే ఎందుకు తీయలేదని అడుగుతారు. మన దగ్గర అడిగేవాళ్లు లేరు. జిల్లాకు ఒక తేదీ పెట్టి, వచ్చిన డబ్బులో కొంత అదే ఆఫీసు రిపేర్లకు వదలండి, ఆ జీపు ఎంత త్వరగా కదులుతుందో చూడండి. ఇప్పుడు అమ్మినా పైసా చేతికి రాదు కాబట్టే ఎవరికీ పట్టదు.

కరెంటు గురించి ఒక్క మాట. వీధి దీపాలను వేరుగా ఆర్పే తీగ, అదే థర్డ్ వైర్, లేని ఊళ్లలో పట్టపగలు కూడా లైట్లు వెలుగుతుంటాయి. ఇరవై వాట్ల ఎల్ఈడీలు యాభై ఉంటే పగటి పదకొండు గంటలకు రోజుకు 11 యూనిట్లు. నెలకు 330. ఆ బిల్లు పంచాయతీ కట్టలేక బాకీ పడుతుంది, కరెంటు పంపిణీ చేసే డిస్కం వాళ్లు నోటీసులిస్తారు. ప్రభుత్వం ప్రభుత్వానికే నోటీసు ఇవ్వడం, చూడ్డానికి బాగానే ఉంటుంది.

పంచాయతీలంటే గుర్తొచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పల్లె ప్రగతిలో ఊరూరికీ ట్రాక్టర్, డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే సెగ్రిగేషన్ షెడ్డు వచ్చాయి. దేశంలో చాలాచోట్ల లేని ఏర్పాటు ఇది, ఒప్పుకోవాలి. కానీ 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయాక, 2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యేదాకా దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. నిధులు రాక కార్యదర్శులు చేతి నుంచి డీజిల్ పోయించిన ఊళ్లున్నాయి. ఇంటికి రెండు బుట్టలిచ్చారు, తడి చెత్త ఒకటి, పొడి చెత్త ఒకటి. మా పక్కింటి పెద్దమ్మ శ్రద్ధగా వేరుచేసి పెడుతుంది. ట్రాక్టర్ వచ్చాక రెండూ ఒకే ట్రాలీలో పడతాయి. "గీ మాత్రానికి నాకెందుకు చెప్పిన్రు బిడ్డా" అని అడిగింది. షెడ్డుకు తాళం, దాని పక్కనే పొగ. ట్రాలీలో మధ్యన ఒక రేకు అడ్డం కొట్టించడానికి ఎంతవుతుంది? వెల్డింగ్ షాపువాడు గంటలో చేసిస్తాడు. అది ఏ పద్దు కింద రాయాలో తెలియక ఆగిపోయింది.

నేను అడిగేది ఇంతే. ప్రతి ఆఫీసుకు, ప్రతి పంచాయతీకి చిన్న రిపేర్ల కోసం నెలకు కొంత డబ్బు, ఫైలు లేకుండా ఒక రసీదుతో ఖర్చు చేసే వీలు ఇవ్వండి. కరెంటు, నీళ్లు, కాగితం బిల్లు ఈ నెల ఎంత, పోయినేడు ఇదే నెల ఎంత అని గేటు దగ్గర బోర్డు మీద రాయండి. మేం పనులకు వచ్చి గంటలు గంటలు కూర్చుంటాం కదా, చదువుకుంటాం.

నా పని కాలేదు, మొన్న మళ్లీ అదే ఆఫీసుకు పోయాను. నల్లా అట్లనే కారుతోంది. బకెట్ మాత్రం కొత్తది, ఎర్రది. "పాతది పలిగింది సార్, స్టోర్ల నుంచి ఇచ్చిన్రు" అన్నాడు అటెండర్. బకెట్‌కైతే పద్దు ఉందట.