అది అండమాన్ పక్షి కాదు

"తుఫానుకి అండమాన్ నుంచి కొట్టుకొచ్చిన పక్షి కోనసీమలో ఒక ఇంట్లో దొరికింది. పేరు అండమాన్ క్రేక్. ఎగరలేదు. మన దగ్గర అడవి లేదు కాబట్టి సముద్రం దాటి వచ్చిందే. గింజలు వేసి పెంచుకోవచ్చు." ఒక ఫొటోతో పాటు ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

ముందు ఫొటో చూడండి. పట్టుకున్నాయన బొటనవేలికి కాస్త పైన పక్షి గొంతు తెల్లగా ఉంది. తల, రొమ్ము ఇటుకరంగు, వీపు మట్టిరంగు, కాళ్లు బూడిదరంగు. ఇది స్లేటీ లెగ్డ్ క్రేక్ (క్రేక్ అంటే నీటికోళ్ల కుటుంబానికి చెందిన చిన్న పక్షి). అండమాన్ క్రేక్‌కి తెల్ల గొంతు ఉండదు. వీపుతో సహా ఒళ్లంతా ముదురు ఇటుకరంగే, ముక్కు లేతాకుపచ్చ, కాళ్లు పసరురంగు. పైగా అది సుమారు 34 సెంటీమీటర్ల పక్షి, ఇది 25. పొట్ట మీద నలుపు తెలుపు చారలు మాత్రం రెండిటికీ ఉంటాయి. చాలామంది పొరబడేది అక్కడే.

ఎగరలేదన్నది ఇంకో పొరపాటు. అలికిడైతే పొదలోకి పరుగు తీస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి ఇది రాత్రిళ్లు వలసపోయే పక్షి. అక్టోబరు, నవంబరుల్లో అలసిపోయి శ్రీలంక చేరుతుంది, అక్కడా ఇలాగే ఇళ్లల్లో దొరుకుతుంటుంది. లైట్ల వెలుగుకి దారి తప్పుతుంది పాపం. మనకి తుఫాన్లొచ్చేదీ ఆ నెలల్లోనే, అందుకే రెండిటికీ ముడిపెట్టేశారు.

అండమాన్ వైపు పుట్టిన వాయుగుండాలు మన తీరానికి రావడం నిజమే. కానీ అండమాన్ క్రేక్ వలసపోదు, ఏడాదంతా ఆ దీవుల అడవుల్లోనే ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి కాకినాడకి 1,200 కిలోమీటర్లు పైనే.

అడవి లేదట! కోరింగలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, అందులో మడ అడవే ఎక్కువ. అదీ పక్కన పెట్టండి. ఈ పక్షికి కావాల్సింది నీడ, రాలిన ఆకులు, తడి నేల. అరటి, కోకో కలిపి వేసిన మన కొబ్బరితోటల్లో అవన్నీ ఉన్నాయి. దారిలో దిగి సేదతీరడానికి అంతకంటే ఏం కావాలి?

పెంచుకోమనడమే అన్నిటికంటే ప్రమాదం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా దీని తిండి ఎక్కువగా పురుగులు, వానపాములు, నత్తలు. దొరికితే కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, పిల్లులకి దూరంగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. దెబ్బ తగిలితే అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి. బాగానే ఉంటే చీకటిపడుతుండగా దగ్గర్లోని తోటలో, పొదల పక్కన పెట్టె మూత తీసి పక్కకి తప్పుకోండి.