చేపల పల్లె అట సింగపూర్!

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన నాయకులకు సింగపూర్ గుర్తుకొస్తుంది. "ఒకప్పుడది చేపలు పట్టుకునే పల్లె, ఇప్పుడు చూడండి" అని మొదలుపెడతారు. వినీ వినీ విసుగొచ్చింది. ఆ కథలో నిజం పాలు చాలా తక్కువ.

14వ శతాబ్దంలోనే అక్కడ తెమాసెక్ అనే రేవు ఉంది. చైనా యాత్రికుడు వాంగ్ దయువాన్ అక్కడి సరుకుల గురించి రాశాడు. పడమటికి వెళ్లే ఓడలను వదిలేసి, తిరుగు ప్రయాణంలో వచ్చేవాటి మీద పడే దొంగల సంగతీ రాశాడు. (దొంగలకూ వ్యాపార లెక్కలు తెలుసన్నమాట!) 1984 నుంచి ఫోర్ట్ కానింగ్ కొండ మీద జరిగిన తవ్వకాల్లో ఆనాటి చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. నది సముద్రంలో కలిసేచోట శాసనం చెక్కిన పెద్ద బండ ఉండేది. 1843లో బ్రిటిష్ వాళ్లు దాన్ని మందుపెట్టి పేల్చేశారు. మిగిలిన ముక్క మ్యూజియంలో ఉంది, ఆ లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. ఊరి చరిత్రను పేల్చేసి, 1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫుల్స్ వచ్చాకే ఊరు పుట్టిందని చెప్పుకోవడం వాళ్లకే చెల్లింది.

రాఫుల్స్ తెలివి వేరేచోట ఉంది. మలక్కా జలసంధి కొసన, చైనా ఓడలూ ఇండియా ఓడలూ కలిసే చోటు ఎంచుకున్నాడు. డచ్చివాళ్లు తమ రేవుల్లో సుంకాలు పిండుతుంటే, ఇక్కడ సుంకమే లేదన్నాడు. అయిదేళ్లలో జనాభా పది వేలు దాటింది. 1965లో మలేషియా నుంచి విడిపడేనాటికే అది ఆసియాలో తలసరి ఆదాయం ఎక్కువున్న చోట్లలో ఒకటి. తొలి ప్రధాని లీ క్వాన్ యూ చేతికొచ్చింది బీడు కాదు, నడుస్తున్న రేవు.

ఆయన ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. కంటైనర్ల వ్యాపారం ఇంకా కుదురుకోకముందే తంజోంగ్ పగార్‌లో వాటికోసం రేవు కట్టించి 1972లో తెరిచింది. 2024లో సింగపూర్ రేవు మీదుగా ఒక్కోటి ఇరవై అడుగుల పొడవు లెక్కన 4 కోట్లకు పైగా కంటైనర్లు కదిలాయి.

మన సభల్లో వినపడనిది ఇంకొకటుంది. 1966 భూసేకరణ చట్టంతో అక్కడి ప్రభుత్వం మార్కెట్ ధరకన్నా తక్కువకే ప్రైవేటు భూములు తీసుకుంది. వాటి మీద కట్టిన ప్రభుత్వ ఫ్లాట్లను జనానికి ఇచ్చింది 99 ఏళ్ల లీజుకే. అమరావతికి 2015లో ప్రణాళిక గీసిచ్చింది సింగపూర్ సంస్థలే కదా, ఆ బొమ్మల్లోని మేడల గురించి గంటలు గంటలు విన్నాం. ఈ చట్టం గురించి మాత్రం ఒక్క నాయకుడైనా నోరెత్తగా నేను వినలేదు. తుళ్లూరు రైతుల ముందు ఒకసారి చెప్పి చూడమనండి.